వీలునామా ఎవరితో రాయించాలి: సొంత చేతిరాతా, దస్తావేజు లేఖరా, వకీలా?

మా మేనత్తకు పిల్లలు లేరు. తాడిపత్రిలో టీచరుగా పనిచేస్తూ తన జీతంతో కట్టుకున్న నాపరాళ్ల ఇల్లు, మామయ్య పోయాక ఆమె పేరుకు మారిన నాలుగెకరాల వేరుశనగ చేను, బ్యాంకులో కొంత డిపాజిట్టు, ఇదీ ఆమె ఆస్తి. పన్నెండేళ్లుగా ఆమె మంచీ చెడూ చూస్తున్నది మా చెల్లెలు. "ఇల్లు చిన్నదానికే కదా నాయనా, అది అందరికీ తెలిసిందే. మళ్లీ కాగితాలెందుకు?" అనేది అత్త. ఆ మాట ఆమె చేత మానిపించడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

హిందూ స్త్రీ వీలునామా రాయకుండా చనిపోతే ఆస్తి ఎవరికి పోతుందో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను చెబుతుంది. ముందు పిల్లలు, భర్త. వాళ్లు లేకపోతే భర్త వారసులు. తల్లిదండ్రుల వంతు ఆ తరువాతే. అమ్మానాన్నల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి ఒక్కటే పుట్టింటి వైపు తిరుగుతుంది. అంటే చేను మాత్రమే కాదు, అత్త తన జీతంతో కట్టిన ఇల్లు కూడా మామయ్య అన్నదమ్ముల పిల్లలకు పోతుంది. వాళ్లలో ఇద్దరిని ఆమె పెళ్లిళ్లలో తప్ప చూసింది లేదు. 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు వివరాలు చదివి వినిపించాక గాని అత్త నమ్మలేదు. పెళ్లయిన కొద్ది నెలలకే భర్తను పోగొట్టుకుని, అత్తింటివారు వెళ్లగొడితే పుట్టింటి అండతో చదువుకుని, ఉద్యోగం చేసి సంపాదించుకున్న ఒక మహిళ ఆస్తి చివరికి ఆమె భర్త సోదరి కొడుకులకు దక్కింది. ఆమె వీలునామా రాయలేదు. అంతకు మించి ఆమె చేసిన పొరపాటు లేదు.

అందుకే పిల్లలు లేని మహిళలు, భర్తను కోల్పోయిన మహిళలు ఇది చదువుతుంటే, మిగతావారికన్నా ముందు మీరు రాయండి. ఎవరితో రాయించాలి, ఎంత ఖర్చుతో అన్న ప్రశ్నకు మేము అనంతపురం, తాడిపత్రి మధ్య తిరిగి తెలుసుకున్నది చెబుతాను.

చట్టం అడిగేది తక్కువ

వీలునామా అనగానే స్టాంపు పేపరు కొనాలనుకుంటారు. అక్కరలేదు. వీలునామాకు స్టాంపు సుంకమే లేదు, తెల్ల కాగితం చాలు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షను ప్రకారం రాసే వ్యక్తి సంతకం గాని వేలిముద్ర గాని ఉండాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఆ సంతకం పెట్టడం చూసి, లేదా "ఇది నా సంతకమే" అని ఆ వ్యక్తే చెప్పగా విని, ఆ వ్యక్తి ఎదుటే తామూ సంతకాలు చేయాలి. రాసే వ్యక్తి మేజరై, మతిస్థిమితంతో ఉండాలి. తెలుగులో రాసినా, కన్నడంలో రాసినా, చేత్తో రాసినా, టైపు చేయించినా చెల్లుతుంది.

కడపలోను, కర్నూలులోను ముస్లిం కుటుంబాలు ఎక్కువ కాబట్టి వారికి వర్తించేది వేరని ఇక్కడే చెప్పాలి. ముస్లిం వ్యక్తి అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతు వరకే వీలునామా రాయగలరు. సున్నీల విషయంలో, వారసులలో ఒకరికే రాయాలంటే తక్కిన వారసుల సమ్మతి కావాలి. కాబట్టి ఈ వ్యాసంలో నేను చెప్పే చవక దారి వారికి నేరుగా సరిపోదు. ముందు తెలిసిన వకీలుతో మాట్లాడాలి.

సొంత చేతిరాత

ఖర్చు చూస్తే ఇంతకన్నా చవక లేదు. నా దృష్టిలో, ఆస్తి స్పష్టంగా ఉండి, ఇవ్వదలచిన మనిషి స్పష్టంగా ఉంటే నాణ్యతలోనూ దీనికి సాటి లేదు. మొత్తం తన చేత్తో రాసిన వీలునామాను "ఎవరో తెచ్చి సంతకం పెట్టించుకున్నారు" అని ఆక్షేపించడం కష్టం.

రాయవలసినవి మరీ ఎక్కువ కావు. మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, చిరునామా, తేదీ. పూర్తి మతిస్థిమితంతో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్నానన్న మాట. ఇంతకు ముందు రాసినవేవైనా ఉంటే రద్దు చేస్తున్నానన్న మాట. తరువాత ఏ ఆస్తి ఎవరికి. ఆస్తి వివరంలో ఇంటి నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపుల చెక్కుబంది (హద్దులు) పాత దస్తావేజులో ఉన్నట్టే ఎత్తి రాయాలి. మన జిల్లాల వాళ్లు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. హిందూపురం ఆస్తి పాత దస్తావేజులో అనంతపురం జిల్లా అని ఉంటుంది, ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా. నంద్యాల ఆస్తికి పాత కాగితంలో కర్నూలు జిల్లా అని ఉంటుంది. "పూర్వపు అనంతపురం జిల్లా, ప్రస్తుత శ్రీ సత్యసాయి జిల్లా" అని రెండూ రాస్తే తరువాత పేచీ ఉండదు.

చాలామంది మరిచిపోయే వాక్యం మరొకటి ఉంది: "పైన చెప్పనివి, ఇక మీదట నాకు సంక్రమించేవి అయిన మిగతా ఆస్తులన్నీ ఫలానావారికి చెందాలి." ఇది లేకపోతే, వీలునామా రాశాక కొన్న స్థలమో, వేసిన డిపాజిట్టో మళ్లీ వారసత్వ చట్టం దారిన పోతుంది.

బ్యాంకులో నామినీ పేరు రాశాం కదా, అది చాలదా అని అత్త అడిగింది. చాలదు. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే, హక్కుదారు వేరే ఉండవచ్చు. బీమా డబ్బు విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే ఈ మాట చెప్పింది. బీమాలో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే 2015 సవరణ తరువాత పరిస్థితి మారింది గాని, మేనకోడలికి ఆ సవరణ వర్తించదు.

దస్తావేజు లేఖరి

సబ్ రిజిస్ట్రారు కార్యాలయం బయట బల్లలు, కంప్యూటర్లు పెట్టుకుని కూర్చునే వీరి దగ్గరికే మన ఊళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది వెళ్తారు. మేమూ మొదట అక్కడికే వెళ్లాం. మా వివరాలు రెండు నిమిషాలు విని, పావుగంటలో ప్రింటు తీసి చేతికిచ్చారు. అత్త కళ్లజోడు సవరించుకుని ఒక్కో అక్షరం మీద వేలు నడుపుతూ చదవసాగింది. రెండో పేజీలో ఆగింది. "నా కుమారులిద్దరూ నన్ను వృద్ధాప్యమున చక్కగా పోషించుచున్నందున" అని ఉంది అక్కడ. ఆమె ఏమీ అనలేదు. వేలు తీయకుండానే కాగితాన్ని నా వైపు తిప్పింది. పిల్లలు లేరన్న మాట జీవితమంతా వింటూ వచ్చిన మనిషి చేత ఆ వాక్యం చదివించినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంకెవరిదో వీలునామాలో పేర్లు మార్చి ఇచ్చారు. దిద్దమంటే దిద్దారు. కానీ ఇంటికి వచ్చి పాత దస్తావేజుతో పోల్చి చూస్తే చెక్కుబందిలో తూర్పు పడమరలు తారుమారై ఉన్నాయి. ఆ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే, రేపు మా చెల్లెలు కోర్టులో నిలబడినప్పుడు ఎదుటి వకీలు మొదటి ప్రశ్న అదే అయ్యేది: పిల్లలు లేని మనిషి "నా కుమారులు" అని రాయించిందంటే, అసలు ఆమె చదివే సంతకం పెట్టిందా?

అందరు లేఖరులూ ఇలాగే ఉంటారని నేను అనను. కార్యాలయంలో ఏ కాగితం ముందు పెట్టాలో, ఏ గుర్తింపు కార్డు కావాలో వారికి తెలిసినంత మనకు తెలియదు. నా సలహా ఇంతే. విషయం మీరు రాసుకుని వెళ్లండి. టైపు, ఆస్తి పట్టిక, కార్యాలయం పని వారికి వదిలేయండి. ప్రింటు వచ్చాక అక్కడే సంతకం పెట్టకండి. ఇంటికి తెచ్చి, ఒక రాత్రి ఉంచి, మరునాడు మళ్లీ చదవండి.

వకీలు ఎప్పుడు తప్పనిసరి

మేము కలిసిన వకీలు అడిగింది లేఖరి అడిగినదానికి మూడు రెట్లు. ఆయన మా కాగితం చూసి, "మీకు నేను అవసరం లేదు, సాక్షులను సరిగా ఎంచుకోండి" అని పంపేశారు. ఆ మాటకే ఆయనకు దండం పెట్టాలి. అయితే ఎవరికి తన అవసరం ఉంటుందో కూడా ఆయన చెప్పారు. ఆ ఖర్చుకు వెనకాడకూడని సందర్భాలు ఇవి.

ఉమ్మడి కుటుంబ ఆస్తి ఉన్నప్పుడు. తాత ముత్తాతల భూమిని తండ్రి మొత్తంగా ఒక కొడుకుకు రాసేయలేడు. ఆ ఉమ్మడి ఆస్తిలో తన వాటా వరకే వీలునామా రాయగలడు. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు 1986 సవరణ చట్టంతో, దేశమంతటా 2005 సవరణతో పుట్టుకతోనే వాటా వచ్చింది. ఈ సంగతి తెలియకుండా రాసిన వీలునామాలు అన్నాచెల్లెళ్ల మధ్య ఎన్ని గోడలు లేపుతున్నాయో మన పల్లెల్లో అందరమూ చూస్తున్నాం. అలాగే ప్రభుత్వం ఇచ్చిన డీ పట్టా భూమి ఉంటే: దాని బదిలీ మీద 1977 చట్టం ఆంక్షలు పెట్టింది కాబట్టి ముందు అడిగి తెలుసుకోవాలి. రెండో పెళ్లి, మానసిక వైకల్యం ఉన్న బిడ్డ, ఒక బిడ్డను పూర్తిగా పక్కన పెట్టాలన్న నిర్ణయం, వ్యాపారంలో భాగస్వామ్యం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వకీలు రాసిన వీలునామానే కావాలి. బిడ్డను పక్కన పెట్టేటప్పుడు కారణం రాయడం మంచిదని ఆయన సలహా. ఏ కారణమూ లేకుండా సహజ వారసులను వదిలేస్తే కోర్టులు దాన్ని అనుమానించదగ్గ పరిస్థితిగా చూడవచ్చు. 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది: అనుమానాలు ఉంటే వాటిని తొలగించే బాధ్యత వీలునామాను చూపించేవారిదే.

డబ్బు లేదని ఆగిపోనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, ఆదాయ పరిమితికి లోబడినవారికి ఉచితంగా న్యాయ సలహా పొందే హక్కు ఉంది. మహిళలకు ఆదాయంతో కూడా నిమిత్తం లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గాని, మండల న్యాయ సేవా కమిటీలో గాని అడగవచ్చు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. పెన్షను మీద బతికే ఒక ముసలమ్మ నన్ను దారి అడిగితే నేను మొదట పంపేది అక్కడికే.

ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల గురించి ఎక్కువ చెప్పను. చూసి నేర్చుకోవడానికి పనికి వస్తాయి. కానీ ఫోనులోనే నింపి, డిజిటల్ సంతకం పెట్టి, దాచుకుంటే వీలునామా అయిపోయిందనుకోవద్దు. సమాచార సాంకేతిక చట్టం వీలునామాను తన పరిధి నుంచే తప్పించింది. కాగితం, సిరా, ఇద్దరు సాక్షులు ఉండవలసిందే. వీడియో తీసి పెట్టుకుంటే అది తోడు సాక్ష్యం అవుతుంది, వీలునామా కాదు.

డబ్బు పెట్టవలసింది రిజిస్ట్రేషను మీద

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం వీలునామాను ఐచ్ఛిక పత్రాల్లో చేర్చింది. రిజిస్టరు కాని వీలునామా కూడా చెల్లుతుంది. అయినా మా కుటుంబం ఒక్కచోట డబ్బు పెట్టాలంటే ఇక్కడే పెట్టాలని నేను పట్టుబట్టాను. రుసుము ఆస్తి విలువను బట్టి పెరగదు, అందరికీ ఒకటే. ఫోటో, వేలిముద్రలు రికార్డులో ఉంటాయి. అసలు కాగితం చినిగినా, పోయినా, ఎవరైనా దాచేసినా, నకలు తీసుకోవచ్చు. పైగా అమ్మకం దస్తావేజులాగా ఆస్తి ఉన్న పరిధిలోనే చేయించాలన్న నియమం వీలునామాకు లేదు. రాష్ట్రంలో ఏ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోనైనా చేయించుకోవచ్చు. కడపలో కొడుకు దగ్గర ఉంటున్న తల్లి ఆదోనిలోని ఇంటి కోసం ఆదోని వెళ్లనక్కరలేదు. మంచం మీద ఉన్నవారైతే, కారణం చూపించి దరఖాస్తు చేస్తే అధికారి ఇంటికే వచ్చి రిజిస్టరు చేసే వీలును చట్టం కల్పించింది.

అత్తకు ఒక భయం ఉండేది: రిజిస్టరు చేస్తే మామయ్య తరపువాళ్లకు తెలిసిపోతుందేమోనని. తెలియదు. వీలునామాలు నమోదయ్యే మూడో పుస్తకం బయటివారికి చూపించరు, ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) అది కనిపించదు. రాసిన మనిషి బతికి ఉన్నంతవరకు నకలు ఆ మనిషికి గాని, ఆ మనిషి అధికారమిచ్చిన ఏజెంటుకు గాని తప్ప ఇవ్వరు. ఇంకా గుట్టుగా ఉంచాలనుకునేవారు వీలునామాను కవరులో పెట్టి సీలు వేసి జిల్లా రిజిస్ట్రారు దగ్గర డిపాజిట్ చేయవచ్చు. ఈ సౌకర్యం గురించి మన దగ్గర ఎవరూ చెప్పరు, అడిగితేనే తెలుస్తుంది.

మనసు మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. చివరగా రాసినదే చెల్లుతుంది, మొదటిది రిజిస్టరై రెండోది కాకపోయినా సరే. ఈ ఒక్క వెసులుబాటు కోసమే నేను సెటిల్‌మెంటు దస్తావేజు వద్దన్నాను. బంధువుల్లో ఒకరు "ఇప్పుడే ఇల్లు రాసి ఇచ్చేయండి, రేపు గొడవ ఉండదు" అన్నారు. నిజమే, సెటిల్‌మెంటు చేస్తే హక్కు ఆ రోజే మారిపోతుంది, తరువాత వివాదానికి అవకాశం తక్కువ. కానీ ఆస్తి విలువ మీద శాతం లెక్కన స్టాంపు సుంకం కట్టాలి, ఒకసారి ఇచ్చాక తిరిగి తీసుకోలేం. బాగా చూసుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షను కింద ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్‌లో రద్దు కోరవచ్చు, దానికి కూడా పోషించాలన్న షరతు దస్తావేజులో రాసి ఉండటం క్షేమం. డెబ్బై నాలుగేళ్ల మనిషిని అన్నం కోసం ట్రిబ్యునల్ మెట్లు ఎక్కే పరిస్థితిలో పెట్టకూడదు. మా చెల్లెలే ముందు ఆ మాట అంది: "అత్త ఇల్లు అత్త పేరు మీదే ఉండనీ అన్నయ్యా."

సాక్షులు

ఇక్కడ తొందరపడిన వీలునామాలే ఎక్కువగా ఓడిపోతాయి. రిజిస్టరైనా కాకపోయినా, వివాదం వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకు వచ్చి చెప్పాలి. ఇది పాత సాక్ష్య చట్టంలోనూ ఉంది, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది. అలాంటప్పుడు కార్యాలయం బయట దొరికిన ఎవరో ఇద్దరి చేత సంతకాలు పెట్టిస్తే, ఇరవై ఏళ్ల తరువాత వాళ్లను ఎక్కడ వెతుకుతాం? రాసే మనిషి ఈడువాళ్లను పెట్టినా కష్టమే, ఆమెకన్నా ముందే పోవచ్చు. సాక్షి మీకన్నా చిన్నవాడై ఉండాలి, మిమ్మల్ని ఎరిగినవాడై ఉండాలి, ఆస్తి పొందేవాడు కాని, వారి భార్య లేదా భర్త కాని అయి ఉండకూడదు. క్రైస్తవుల విషయంలో అలాంటి సాక్షికి రాసిన భాగమే చెల్లదు. హిందువులకు ఆ నియమం వర్తించకపోయినా అనుమానానికి చోటివ్వడం ఎందుకు?

అత్త దగ్గర చదువుకున్న ఇద్దరిని పిలిచాం. ఒకరు మందుల షాపు నడుపుతారు, ఇంకొకరు హైస్కూలు టీచరు, ఇద్దరికీ నలభై లోపే. అత్త రెండున్నర పేజీలు తన చేత్తో రాసింది. నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఆమె సంతకం పెడుతుంటే ఇద్దరూ పక్కనే నిలబడి చూశారు, తరువాత ఆమె చూస్తుండగా తమ పేరు, తండ్రి పేరు, చిరునామా రాసి సంతకాలు చేశారు. అదే వారం డాక్టరు చేత ఆమె మతిస్థిమితంతో ఉందని ఒక కాగితం తీసుకున్నాం. చట్టం అడగదు గాని, వయసు పైబడినవారికి అది బలం.

సబ్ రిజిస్ట్రారు మా చెల్లెలిని, నన్ను బయట కూర్చోమని, అత్తను ఒక్కదాన్నే అడిగారు: "అమ్మా, ఇది మీ ఇష్టపూర్వకంగా రాశారా? ఇందులో ఏముందో మీకు తెలుసా?" తలుపు సందులోంచి ఆమె గొంతు వినిపించింది. మొదటి పంక్తి నుంచి మొదలుపెట్టి మొత్తం అప్పజెప్పసాగింది. "చాలమ్మా, చాలు" అని ఆయన ఆపవలసి వచ్చింది.

అసలు కాగితం ఇప్పుడు బీరువాలో ఇంటి దస్తావేజుతో పాటు ఉంది. అది ఎక్కడ ఉందో మా చెల్లెలికీ, నాకూ తెలుసు. మందుల షాపు ఆయన ఈ మధ్య బెంగళూరుకు మారారు. అత్త ఆయనకు ఫోను చేసి కొత్త చిరునామా అడిగి, కవరు మీద పెన్సిలుతో రాసి పెట్టుకుంది.